పేరు మీద అంటించిన కాగితం

పోయిన ఆదివారం ఇద్దరు కుర్ర లెక్చరర్లు మా ఇంటికి వచ్చారు. చేతుల్లో అరటిపళ్ళు, ముఖాల్లో వినయం. మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, వచ్చే నెలలో కాలేజీ తెలుగు శాఖ నుంచి రిటైరవుతున్నాడట. ఆయనకు సన్మానం చేసి, అభినందన సంచిక ఒకటి వేస్తున్నారట. నేను ఆయనకు బావనే కాక శిష్యుణ్ణి కూడా కాబట్టి నా వ్యాసం తప్పకుండా ఉండాలట. "రెండు పేజీలు చాలు సార్. ఆయన వ్యక్తిత్వం మీద. మంచి మాటలు నాలుగు," అన్నాడు అందులో పెద్దవాడు. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. రాస్తానన్నాను. పళ్ళు పుచ్చుకున్నాను. వాళ్ళు వెళ్ళాక కాగితాలు ముందేసుకుని 'మా బావమరిది గొప్ప అధ్యాపకుడు' అని రాసి, కొట్టేశాను. మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాను. రాయనివ్వనిది కోపం. ఇది కొత్త కోపం కాదు, ఐదేళ్ళ కిందటిది. చల్లారిందనుకున్నాను. నా బీపీ మాత్ర పెంచింది ఈ కోపం వల్లేనని ఊళ్ళో చెప్పుకుంటూ ఉంటాను. అసలు కారణం ఉప్పుచేప అని డాక్టరు చెప్పాడు. కోపం మాత్రం నిజం. ఆ రెండు పేజీల మంచి మాటలకు బదులుగా వచ్చింది ఇదీ.

నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. సముద్రపు గాలికి తుప్పు పట్టే తీగలు, తుఫాను రాగానే ఒరిగే స్తంభాలు, వాటితోనే నా ఉద్యోగమంతా గడిచింది. పుస్తకాలు మాత్రం చదివేవాణ్ణి. మా అల్లూరు లైబ్రరీలో నేను చదవని పుస్తకం లేదని చెబుతాను. అందులో ముప్పాతిక అపరాధ పరిశోధన నవలలని చెప్పను. ఒక గృహప్రవేశంలో, పంక్తిలో నా పక్కన కూర్చున్న మా బావమరిది, నేను ఒక కథ గురించి ఏదో అనగానే చారు జుర్రుకుంటూ, "సాహిత్యం చదవాలంటే ఒక శిక్షణ కావాల బావా. స్తంభం ఎక్కినట్టు గాదు," అన్నాడు. పంక్తంతా నవ్వింది. ఆ ఏడే నేను ఎమ్మే తెలుగుకు దరఖాస్తు పెట్టాను, ఆయన పనిచేసే నెల్లూరు కాలేజీలోనే. ఎంట్రన్సులో జిల్లాలో మొదటి ర్యాంకు వచ్చిందని బస్టాండులో అందరికీ చెప్పాను. అసలు సంగతేమిటంటే సీట్లు ఎక్కువ, రాసినవాళ్ళు తక్కువ. పరీక్ష హాల్లో నిద్రపోయినవాడికి కూడా సీటొచ్చింది. రెండేళ్ళూ వాడు నా పక్కనే కూర్చుని ఆ నిద్ర కొనసాగించాడు.

మొదటిరోజు హాజరు పిలుస్తూ మా బావమరిది నా పేరు దగ్గర ఆగాడు. తలెత్తి, 'బావా' అనబోయి మింగి, "ఉన్నారా?" అన్నాడు. "ఉన్నాను సార్," అన్నాను లేచి నిలబడి, చేతులు కట్టుకుని. అరవై ఆరేళ్ళ మనిషి అట్లా నిలబడితే పిల్లలకు నవ్వు రాకుండా ఉంటుందా? ఆ సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి వాళ్ళక్కతో, నేను కావాలనే చేశానని ఫిర్యాదు చేశాడు. కావాలనే చేశాను.

ఆ కాలేజీలో సాహిత్యం ఎలా చదివేవాళ్ళమో చెప్పాలి. ప్రశ్న ఏదైనా జవాబు ఒకే గూట్లోంచి రావాలి. కవి పరిచయం, కావ్య పరిచయం, వస్తువు, శిల్పం, ముగింపు. ముగింపులో ఈ రచన తెలుగు సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచిపోతుందని రాసి తీరాలి. రాయకపోతే ఎర్ర సిరాతో 'ముగింపు లేదు' అని పడేది. రెండేళ్ళలో మేము చిరస్థాయిగా నిలబెట్టిన పుస్తకాలు కృష్ణపట్నం రేవులో ఓడకెత్తినా మిగిలిపోయేవి. నచ్చని పుస్తకం అనేది మా సిలబస్‌లోనే లేదు. పుస్తకం నచ్చలేదంటే అర్థం కాలేదని అర్థం, అర్థం కాలేదంటే గైడు కొనుక్కోలేదని అర్థం. ఆ గైడు కూడా ఎవరో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. మూల పుస్తకం తెరిచిన పాపాన పోకుండానే క్లాసులో సగంమంది దాని శిల్పాన్ని వర్ణించేవాళ్ళు. ఆ సగంలో నేను లేనని ప్రమాణం చేయలేను.

చదివే పిల్ల ఒకతె ఉండేది. మా అల్లూరే, పరుపులు కుట్టే ఆయన కూతురు. మసీదు వీధి మొదట్లో వాళ్ళ కొట్టు. దూది ఏకే మిషను తిరుగుతున్నంతసేపూ లోపల మంచు కురుస్తున్నట్టుండేది. ఆ పిల్ల ఎంత దువ్వుకుని వచ్చినా జడలో ఎక్కడో ఒక దూది పింజ ఉండేది. ఇద్దరం ఒకే బస్సులో నెల్లూరు పోయేవాళ్ళం. దారి పొడుగునా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలికే చక్రాల మోత, కిటికీలోంచి మేత వాసన. ఆ మోతలో కూడా ఆమె పుస్తకం చదువుకునేది. నన్ను "తాతా" అనేది. క్లాస్‌మేటును తాతా అనడం మర్యాద కాదని నేనంటే, "సరేలే తాతా," అనేది. ఆమెకున్నది ఒకటే కోరిక, గవర్నమెంటు కాలేజీలో తెలుగు చెప్పాలని. ఎమ్మే చేతికొచ్చిన ఏడే లెక్చరర్ పోస్టులు పడబోతున్నాయని అందరూ అనుకుంటున్నారు. "ఈ ఏడు తప్పితే మళ్ళీ ఎప్పుడో తాతా," అనేది. ఇంట్లో ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడపిల్లలున్నారు. వాళ్ళ నాయన ఆమె చదువుకు ఇంకో ఏడాది గడువిచ్చే స్థితిలో లేడు. ఇవ్వనని కూడా ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు పెద్దాయన గురించి చెప్పాలి. విడవలూరు వైపు ఒక పల్లెలో ఉంటాడు. కవి. పేరు చెప్పను, చెబితే నా కోపానికి ప్రచారమొచ్చి ఆయనకు ఇంకో శాలువా వస్తుంది. తల్లి మీద ఆయన రాసిన కావ్యం మాకు పాఠ్యపుస్తకం. మా చివరి సెమిస్టరులో వ్యాసరచన ఒక పేపరు. విద్యార్థి ఒక పుస్తకం మీద సొంతంగా వ్యాసం రాసి, దాన్ని సభలో చదవాలి, అప్పుడే మార్కులు. సరిగ్గా ఆ ఏడే పెద్దాయనకు ఎనభై నిండాయి. మా బావమరిది బుర్రలో రెండూ కలిసిపోయాయి. మేమంతా పెద్దాయన కావ్యం మీదే వ్యాసాలు రాయాలి, అవన్నీ అభినందన సంచికగా వెయ్యాలి, సన్మాన సభలోనే చదవాలి. పరీక్షకు పరీక్ష, సన్మానానికి సన్మానం. తన కొత్త పుస్తకానికి పెద్దాయన ముందుమాట రాస్తాడని మా బావమరిది ఎదురుచూస్తున్న సంగతి కూడా నాకు తెలుసు, నా భార్య చెప్పింది. నా వ్యాసం నేను రాశాను. ఆ కావ్యం చదువుతూ మూడుసార్లు ఏడ్చానని రాశాను. అప్పటికి సగమే చదివాను, ఏడుపు రాలేదు.

ఆ పిల్ల తన వ్యాసం బస్సులో నాకు చదివి వినిపించింది. పొయ్యి పొగలో అమ్మ కళ్ళు తుడుచుకునే చోటు ఎంత బాగుందో ఒక పేజీ నిండా రాసింది. అది మెచ్చుకోవడం కాదు, చూపించడం. ఏ మాట పక్కన ఏ మాట వస్తే పొగ మన కంట్లో పడుతుందో విప్పి చెప్పింది. ఆ తరువాత ఇలా రాసింది. "ఈ కావ్యంలో అమ్మ నీళ్ళు మోస్తుంది, పొయ్యి ఊదుతుంది, కొడుకు కోసం గుమ్మంలో నిలబడుతుంది. ఒక్క మాట మాట్లాడదు. ఆమె ఏమనుకుంటున్నదో ప్రతిసారీ కొడుకే చెబుతాడు. పుస్తకం మూసేసరికి కొడుకు మనసు మనకు బాగా తెలుస్తుంది. అమ్మ గొంతు ఎలా ఉంటుందో తెలియదు, పేరు కూడా తెలియదు. కవి అమ్మను ప్రేమించాడనడంలో నాకు సందేహం లేదు. ఆమె మాట విన్నాడా అన్నదే నా ప్రశ్న." చదవడం ఆపి, "ఎట్టుంది తాతా?" అంది. బాగుందన్నాను, కానీ నమ్మలేదు. ఇంటికి పోయి పుస్తకం తీసి, ఈసారి నిజంగా, చివరిదాకా చదివాను. ఎక్కడో ఒకచోట ఆ తల్లి కనీసం 'నాయనా, అన్నం తిను' అనైనా అని ఉంటుందని వెతికాను. అనలేదు. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఆ పుస్తకాన్ని చిరస్థాయిగా నిలబెట్టారు గానీ, ఆమె నోరెందుకు తెరవలేదని ఎవరికీ తోచలేదు.

కొన్ని వారాలకు సంచిక ప్రూఫులు నా దగ్గరికి వచ్చాయి. పనిలేని ముసలివాణ్ణి, పైగా ఇంటివాణ్ణి, అచ్చుతప్పులు చూడమన్నాడు మా బావమరిది. వరండాలో కూర్చుని దిద్దుతున్నాను. ఒక వ్యాసం దగ్గర, ఇది ఎక్కడో విన్నానే అనిపించింది. పొయ్యి పొగ వచ్చింది. 'ఒక్క మాట మాట్లాడదు' అన్న వాక్యం వచ్చింది. దాని వెనకే, 'ఎందుకంటే మాతృమూర్తి మౌనం ముందు మాటలన్నీ చిన్నబోతాయి' అని ఉంది. అమ్మ మౌనమే ఈ కావ్యానికి ప్రాణమట. తన గొంతును కొడుకు గొంతులో కలిపేసుకోవడమే మాతృత్వమట. ఆ పిల్ల ప్రశ్న ఉండాల్సిన చోట ప్రశ్న లేదు, రెండు పేజీల పొగడ్త ఉంది, అడుగున చిరస్థాయి ఉంది. దాని కింద ఆ పిల్ల పేరు.

పంచె ఎగ్గట్టుకుని పక్క వీధిలో ఉన్న మా బావమరిది ఇంటికి నడిచిపోయాను. అప్పుడే క్లాసుల నుంచి వచ్చి కాఫీ తాగుతున్నాడు.

"ఇదేందబ్బయ్యా?"

"ఏంది బావా?"

"ఆ పిల్ల రాసింది ఇది గాదు గదా."

"రవ్వంత దిద్దినా. గురువన్నాక దిద్దడా?"

"దిద్దేదంటే ఇదా? ఆ పిల్ల కాదన్నదాన్ని ఔననిపించినావే."

"నువ్వేం చిన్నపిల్లోడివా బావా? సన్మానానికి పిలిచి, శాలువా కప్పి, అయ్యా మీరు మీ అమ్మ మాట వినలేదంట అని చెప్తామా? పెళ్ళికి పొయ్యి పెళ్ళికూతురు మెల్లకన్నని మైకులో చెప్పొస్తారా ఎవురన్నా?"

"అట్టయితే తీసెయ్. వెయ్యబాక."

"తీసేస్తే మార్కులెట్టా వేసేది? నేను ఆ పిల్ల మేలుకోరే చేసినా. పెద్దాయన రేపు యాడన్నా ఒక మాట చెప్తే ఆ పిల్ల బతుకు బాగుపడదా? వాళ్ళ నాయన పరుపులు కుట్టి ఎన్నాళ్ళు సాకతాడు?"

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. తప్పు చేస్తున్నానని తెలిసి చేసేవాడితో పోట్లాడవచ్చు. ఒకరి నోట్లోంచి మాట లాగేసి తన మాట కుక్కి, దాన్ని ఉపకారమనుకునేవాడితో ఏమని పోట్లాడతాం?

మరునాడు ఆ పిల్ల అసలు వ్యాసం జిరాక్సు తీసుకుని విడవలూరు బస్సెక్కాను. పెద్దాయన దగ్గరికే పోయాను. అక్కడ జరిగింది నేను టీకొట్లో ఎన్నోసార్లు చెప్పాను. పెద్దాయన వ్యాసం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'ఇన్నేళ్ళకు నన్ను చదివిన మనిషి దొరికింది' అన్నాడనీ, బీరువాలోంచి తనకు కప్పిన పట్టుశాలువా తీసి, 'ఇది ఆ బిడ్డకివ్వు' అన్నాడనీ చెప్పాను. వింటున్నవాళ్ళలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అది నేను కల్పించింది. అలా జరగాలి కదా అని నాకనిపించింది. జరగనందుకు నేనే జరిపించాను.

జరిగింది ఇదీ. పెద్దాయన పడక కుర్చీలో ఉన్నాడు. కోడలు మజ్జిగ తెచ్చిచ్చింది. వాక్యం కింద వేలు పెట్టుకుని, మెల్లగా, మొత్తం చదివాడు. 'నా ప్రశ్న' అన్న చోట వేలు ఆగింది. "మా అమ్మ పెద్దగా మాట్లాడేది కాదయ్యా," అన్నాడు. కాసేపయ్యాక, "మాట్లాడితే మా నాయన ఊరుకునేవాడు కాదు," అన్నాడు. ఆయన కావ్యంలో లేని వాక్యం అది. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పుస్తకమే వేరుగా ఉండేది. ఇంకేదో అంటాడని ముందుకు వంగాను. ఆయన చివరి పేజీ తిప్పాడు. పేరు చూశాడు.

"ఎవరీ పిల్ల?"

"మా అల్లూరేనండీ. పరుపులు కుట్టే ఆయన కూతురు."

"వాళ్ళిళ్ళల్లో తెలుగు మాట్లాడతారా?"

నేను జవాబు చెప్పేలోగా ఆయన కాగితాలు మడిచేశాడు. "మన అమ్మలు వాళ్ళకెట్టా తెలుస్తారులే. మీ బావమరిది దిద్దుతాడు," అని నా చేతికిచ్చాడు. అంతసేపూ మెత్తబడి ఉన్న ముఖం తలుపు వేసినట్టు మూసుకుంది. నేను ఆయనకు తగిన సమాధానం చెప్పి వచ్చానని కూడా టీకొట్లో అన్నాను. నిజానికి "వస్తానండీ," అన్నాను, అంతే. తగిన సమాధానాలన్నీ తిరుగు బస్సులో వచ్చాయి.

బస్టాండులో ఆ పిల్లను పట్టుకుని ప్రూఫు చేతికిచ్చాను. నిలబడే చదివింది. అడుగుకు వచ్చి, "కింద నా పేరెందుకుంది తాతా?" అంది. చెప్పాను. పెద్దాయన అన్నది కూడా చెప్పాను, ఈసారి ఏమీ కలపకుండా. అది విని నవ్వేసింది. "మా ఇంట్లో ఇంకో భాష ఎవురికొచ్చు తాతా? మా ముసిలి జేజి తిట్టేది కూడా తెలుగులోనే." కాసేపటికి ఆ నవ్వు పోయింది. ప్రూఫు తీసుకుని మళ్ళీ చదివింది. "నేను రాసిన పొగను కూడా వాడుకున్నాడు సారు," అంది.

సభ ఇంకెంతో దూరం లేదు. ఆమె సారుతో మాట్లాడే ధైర్యం తెచ్చుకునేసరికి పుస్తకాలు అచ్చయి, బైండింగై, మా బావమరిది ఇంటి హాల్లో కట్టలు కట్టలుగా దిగాయి. నేనూ, నా భార్యా ఆ మధ్యాహ్నం అక్కడే ఉన్నాం. నా భార్య అప్పటిదాకా "మా తమ్ముడు అట్టాంటోడు గాదు" అనే అంటోంది. ఆమెకు రెండు వ్యాసాలూ ఇచ్చి చదవమన్నాను. కుర్చీలో కూర్చుని చదువుతోంది. ఆ పిల్ల వచ్చింది, గుమ్మంలోనే నిలబడింది.

"నా పేరు తీసెయ్యండి సార్."

"అచ్చయిపొయ్యింది గదమ్మా. ఇప్పుడు పుస్తకాలన్నీ చించమంటావా?"

"పేరు మీద కాగితం అంటిస్తే చాలు సార్."

"అంటిస్తే వ్యాసం నీది గాదని నువ్వే ఒప్పుకున్నట్టు. ఈ పేపరు పొయ్యినట్టే. మళ్ళీ ఏడు దాకా ఎమ్మే రాదు. పోస్టులు ఈ ఏడే పడతాయంటన్నారు. తెలుసా?"

"తెలుసు సార్."

"సభలో ఊరికే నిలబడి చదివెయ్. అయిపోతుంది. ఎవురు పట్టించుకుంటారు?"

ఆ పిల్ల గుమ్మంలోంచి కదల్లేదు. మా బావమరిదికి విసుగొచ్చింది. "అంత పౌరుషముంటే నువ్వే అంటించుకో. నేను చెయ్యను, చెయ్యించను," అన్నాడు. ఏడ్చి పోతుందనుకున్నాడు.

"ఇంట్లో మైదా ఉందా సార్?" అంది ఆ పిల్ల.

ఆయన నోరు తెరిచేలోపే నా భార్య లేచింది. చదివిన కాగితాలు రెండూ తమ్ముడి ఒళ్ళో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నెలో వేడి వేడి జిగురు తెచ్చి మా మధ్య పెట్టింది. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. ఆ పిల్ల తెల్ల కాగితాన్ని సన్నటి ముక్కలుగా కత్తిరించింది, వాళ్ళ నాయన పరుపు గుడ్డ కత్తిరించినంత తిన్నగా. నేను జిగురు పూసి అంటిస్తున్నాను. కోపంలో నా చెయ్యి ఆగడం లేదు. "తాతా, మీరు పై లైను కూడా మూసేస్తన్నారు. నా పేరొక్కటే మూయండి," అంది. "ఆ వ్యాసం కూడా మూసేద్దాం, పీడ పోతుంది," అన్నాను. "వద్దు. అది సారుది. ఆయన కష్టపడి రాసుకున్నాడు," అంది. ఎత్తిపొడుపో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

మా బావమరిది పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు, పేజీ మాత్రం తిప్పలేదు. చాలాసేపటికి, "కొంచెం తగ్గి రాసుంటే ఏం పొయ్యిందమ్మా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఆ పిల్ల కత్తెర ఆపింది. "ఫస్టియర్‌లో మీరే చెప్పినారు సార్. పుస్తకం ఏం చెప్తుందో అందరూ చూస్తారు, ఏం చెప్పకుండా దాటేసిందో కూడా చూడాలని." ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ క్లాసులో నేనూ ఉన్నాను. పక్కవాడి నిద్ర ఆ రోజు నాకూ అంటుకుని ఉంటుంది. ఆయన ఆ మాట అన్నాడంటే నమ్ముతాను. ఒకప్పుడు ఆయన అలాంటి మాటలనేవాడే. అదే నన్ను ఇంకా మండిస్తుంది. ఆయన చెప్పినదాన్ని ఒక్కతే ఒక్కతి విన్నది, విన్నందుకు ఆమెకే దెబ్బ.

సభ ఘనంగానే జరిగింది. పెద్దాయన మెడలో దండలు, భుజాల మీద శాలువాలు పేరుకుని మనిషి కనబడలేదు. మేము ఒక్కొక్కరం లేచి మా వ్యాసాలు చదివి మార్కులు తెచ్చుకున్నాం. నా మూడు ఏడుపులకు చప్పట్లు బాగా పడ్డాయి. ఆ పిల్ల వెనక వరసలో కూర్చుంది. పక్కన వాళ్ళ నాయన. కొట్టు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు పేరు మైకులో వినబడుతుందని వచ్చాడు. ఆమె ఇంట్లో చెప్పలేదు. నేను చదివి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

చివర్న పెద్దాయన సంచిక చేతిలోకి తీసుకుని లేచాడు. ఒక పేజీ తెరిచి, మాతృమూర్తి మౌనం గురించిన వాక్యాలు గొంతు గద్గదమయ్యేట్టు చదివాడు. "మా అమ్మను అర్థం చేసుకున్న వ్యాసం ఈ పుస్తకంలో ఇదొక్కటే. రాసినవారి పేరు మీద కాగితం ఎందుకు అంటించారో తెలియదు. ఎవరైనా సరే, లేచి నిలబడాలి. ఈ శాలువా వారిది," అని తన భుజం మీది శాలువా తీసి పట్టుకున్నాడు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. కొందరు పేజీని లైటుకు ఎత్తి పట్టి కాగితం కింది పేరు చదవాలని చూశారు. వేదిక మీద మా బావమరిది బల్ల మీదున్న నీళ్ళ గ్లాసును చూస్తున్నాడు. ఎవరూ లేవలేదు. ఆ పిల్ల లేచి నిలబడి, అంతమంది ముందు నిజం చెప్పిందని నేను అల్లూరంతా చాటాను. చెప్పలేదు. లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

వాళ్ళ నాయన నా వైపు వంగి, "మా పాప పేరు పిలవలేదేందన్నా?" అన్నాడు. దేనికైనా ఒక మాట అల్లగలనని నాకు గర్వం. ఆయనకు చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు. ఆమే చెప్పింది.

"నాది చదవలేదు నాయనా."

"ఎప్పుడు చదవతారు?"

"ఈ ఏడు గాదు."

ఆయనకు చొక్కా మీద దూది పింజ ఏదో కనిపించినట్టుంది, గోటితో మెల్లగా తీసుకున్నాడు.

ఆ పేపరు పోయింది. పోస్టులు ఆ ఏడే పడ్డాయి. ఎమ్మే చేతిలో ఉన్నవాళ్ళు రాశారు, మా క్లాసులో గైడు తప్ప మరేదీ తెరవని ఒకడికి ఉద్యోగం కూడా వచ్చింది. మరుసటేడు ఆమె మళ్ళీ అదే వ్యాసం, ఇంకొంచెం పెద్దదిగా రాసింది. ఆ ఏడు పేపరు దిద్దింది బయటివాళ్ళు. పాస్ మార్కులు వేశారు, ఒక్కటీ ఎక్కువ వేయలేదు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఇది మాత్రం గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే వచ్చింది. గోడకు తగిలించాలని నా భార్య ఫ్రేము కట్టిస్తానంటే వద్దన్నాను. అది ఇప్పటికీ బీరువాలో బట్టల కింద ఉంది.

పోయిన నెల ఆమె కనబడింది. చిట్టమూరు వైపు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతోంది. తెలుగుతోపాటు సోషల్ కూడా అంటగట్టారట. చెల్లెలి పెళ్ళయిందట. జీతం గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏడో తరగతి పిల్లలకు ఒక పాఠం చెప్పి, ఇందులో మాట్లాడని మనిషి ఎవరో కనిపెట్టమందట. "ఒకటే గోల తాతా. ఒకడైతే ఎద్దు మాట్లాడలేదన్నాడు. ఎద్దు ఏమనుకుంటదో రాసుకొని రమ్మన్నా," అని నవ్వింది. పోస్టులు మళ్ళీ ఎప్పుడు పడతాయంటన్నారని అడిగాను. "పడతాయిలే తాతా. నాకేం తొందర," అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదని నాకు తెలుసు. నాకు ఇంకా కోపం వచ్చింది, ఆమె మీద కాదు. మేము ముసలివాళ్ళం, చేతిలో మిగిలింది కొంచెమేనని మా కాలాన్ని మహా భద్రంగా చూసుకుంటాం. ఆ పిల్లకు చాలా ఉంది కదా అని ఒక్క ఏడాది అడక్కుండానే తీసుకున్నాం. ఐదేళ్ళు గడిచాయి, ఆమెకు ఆ ఏడాది ఇంకా అయిపోలేదు.